మైకు పెంచితే మాట వినపడదు

గోల్కొండ కోటకి వెళ్ళినవాళ్ళెవరూ ఫతే దర్వాజా కింద చప్పట్లు కొట్టకుండా తిరిగి రారు. ఆ చప్పుడు దాదాపు కిలోమీటరు అవతల, గుట్ట మీదున్న బాలా హిస్సార్ దగ్గర వినపడుతుందని గైడు చెప్తాడు. మనం కొడతాం, పైనున్న మనవాళ్ళు చెయ్యి ఊపుతారు, "ఆ రోజుల్లోనే ఎంత సైన్సో!" అనుకుంటూ దిగి వచ్చేస్తాం. ముచ్చటైన ఏర్పాటే, కాదనను. కానీ అక్కడ చేరేది చప్పట్లు. కింద నుంచి ఎవరైనా "ఒరేయ్, నీళ్ళ సీసా మర్చిపోయావు" అని అరిచారనుకోండి. అరుపు పైకి చేరినా, మర్చిపోయింది సీసానో చెప్పులో పైవాడికి తెలిసే అవకాశం తక్కువ. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చప్పట్లంటే ఒక్క బిట్ సమాచారం. శత్రువు వచ్చాడా, రాలేదా? అంతే. కాపలావాడికి అది సరిపోతుంది. టిక్కెట్టు కొనుక్కుని నాటకం చూడ్డానికి వచ్చినవాడికి సరిపోదు.

చప్పుడు వినపడటం వేరు, మాట అర్థం కావడం వేరు. ఈ రెంటికీ తేడా పట్టించుకోకుండా మన ఊళ్ళలో ఆడిటోరియంలూ, కళాక్షేత్రాలూ, కల్యాణ మండపాలూ కట్టిపారేస్తున్నారన్నదే నా గొడవంతా.

ఈ దృశ్యం మీరూ చూసే ఉంటారు. కొత్త హాలు. నేలంతా గ్రానైటు, గోడలకి నున్నగా పుట్టీ పెట్టి పెయింటు, పైన జిప్సం సీలింగులో నక్షత్రాల్లా లైట్లు. ముఖ్య అతిథి మాట్లాడటం మొదలెడతాడు. మూడో వాక్యానికి వెనక వరసలోంచి ఒకాయన చెయ్యెత్తి "వినపళ్ళేదండీ" అంటాడు. మైకు కుర్రాడు నాబు తిప్పుతాడు. ఇప్పుడు గట్టిగా వినపడుతుంది, కానీ అర్థం కాదు. ఇంకొకాయన లేస్తాడు. ఇంకాస్త తిప్పుతాడు. కుయ్యిమని కూత. అందరూ చెవులు మూసుకుని మైకు కుర్రాడి వంక కోపంగా చూస్తారు. ఈ మొత్తం వ్యవహారంలో ఏ పాపమూ ఎరగనివాడు ఎవడన్నా ఉంటే అది ఆ కుర్రాడే!

ఎందుకో చెప్తాను. కాస్త ఫిజిక్సు ఉంటుంది, భయపడకండి, పదో తరగతి దాటదు.

మనిషి నోట్లోంచి వచ్చిన శబ్దం సెకనుకి సుమారు 345 మీటర్ల వేగంతో పోతుంది. శ్రోత చెవికి ముందు నేరుగా వచ్చేది చేరుతుంది. తర్వాత సీలింగుకి కొట్టుకుని ఒకటి, పక్క గోడలకి కొట్టుకుని ఇంకో రెండు, అలా వందలూ వేలూ వరసగా వస్తాయి. మొదటి దాని వెనకాలే 50 మిల్లీసెకన్ల లోపు వచ్చినవాటిని మన మెదడు విడిగా లెక్కపెట్టదు, అసలు మాటకే కలిపేసుకుంటుంది. అవి మేలు చేసేవి. గొంతుకి బలం అక్కడినుంచే వస్తుంది. ఆ తర్వాత వచ్చేవే శత్రువులు. 50 మిల్లీసెకన్లంటే దూరంలో దాదాపు 17 మీటర్లు. స్టేజీకి 30 మీటర్ల దూరంలో నున్నటి వెనక గోడ ఉందనుకోండి. ముందు వరసలో కూర్చున్న పెద్దలకి ఆ గోడ నుంచి తిరిగొచ్చే శబ్దం 150 మిల్లీసెకన్లకి పైగా ఆలస్యంగా వస్తుంది. వీఐపీ సీట్లలో కూర్చున్నవాళ్ళు అంత శూన్యంగా ఎందుకు చూస్తుంటారో కొంతవరకూ ఇప్పుడర్థమైంది కదా.

విడిగా తెలిసేలా తిరిగొస్తే ప్రతిధ్వని. విడివిడిగా తెలియకుండా ముద్దగా సాగుతూ తగ్గుతూ ఉంటే ప్రతినాదం. హాలు "గింగురుమంటోంది" అని మనం అనేది దీన్నే. శబ్దం ఆపేశాక అది 60 డెసిబెల్లు తగ్గడానికి పట్టే సమయమే ఆ హాలు ప్రతినాద కాలం. మాటలకి ఒక సెకను, ఆ చుట్టుపక్కల ఉంటే బాగుంటుంది. పెద్ద సింఫనీ ఆర్కెస్ట్రాకి రెండు సెకన్ల దాకా ఉంటేనే అందం.

ఇక్కడ తెలుగుకి ప్రత్యేకమైన చిక్కొకటుంది. మనది అజంత భాష. ప్రతి మాటా దాదాపుగా అచ్చుతో ముగుస్తుందని ఎంత గర్వంగా చెప్పుకుంటామో తెలిసిందే. శబ్దశక్తి అంతా ఆ అచ్చుల్లోనే ఉంటుంది. మాటకీ మాటకీ తేడా చెప్పేవి మాత్రం హల్లులు. "పాలు" కీ "కాలు" కీ తేడా ఒక్క క్షణం వచ్చి పోయే చిన్న హల్లు. చాలా హల్లులు అచ్చు కన్నా పది డెసిబెల్లు, ఇంకా పైన కూడా, బలహీనంగా ఉంటాయి. మామూలుగా మాట్లాడితే సెకనుకి అయిదు అక్షరాలనుకుందాం, అంటే అక్షరానికి 200 మిల్లీసెకన్లు. ప్రతినాద కాలం రెండున్నర సెకన్లున్న హాల్లో ఆ 200 మిల్లీసెకన్లలో ముందటి అచ్చు తగ్గేది అయిదు డెసిబెల్లు కూడా ఉండదు. అది ఇంకా మోగుతుండగానే తర్వాతి మాట తాలూకు బక్క హల్లు వచ్చి దాని కింద పడి నలిగిపోతుంది. అదే ఒక సెకను హాల్లో అయితే ఆ పాటికి అచ్చు 12 డెసిబెల్లు తగ్గి దారి ఇస్తుంది. "ఆయన గొంతు ఖంగుమంటోంది గానీ ఏమంటున్నాడో తెలీట్లేదు" అంటారే, అదే ఇది. అచ్చులు వినిపిస్తున్నాయి, హల్లులు పోయాయి.

మైకు సౌండు పెంచితే ఏమవుతుంది? అచ్చు పెరుగుతుంది, హల్లు పెరుగుతుంది, ముందటి అచ్చు తాలూకు ముద్దా అంతే పెరుగుతుంది. నిష్పత్తి మారదు. ముద్ద పప్పుని చిన్న గిన్నెలోంచి పెద్ద గిన్నెలోకి మార్చినట్టు. స్పీకరు దగ్గర కూర్చున్నవాళ్ళకి నేరు శబ్దం ఎక్కువ కాబట్టి అర్థమవుతుంది. దూరం పెరిగేకొద్దీ నేరు శబ్దం తగ్గుతుంది, గింగురు మాత్రం హాలంతా ఒకేలా పరుచుకుని ఉంటుంది. ఒక దూరం దాటాక గింగురుదే పైచేయి.

ఈ ప్రతినాదాన్ని మొట్టమొదట లెక్కలోకి దింపినవాడు వాలెస్ సబీన్ అనే కుర్ర ఫిజిక్స్ మాస్టారు. 1895లో హార్వర్డ్ యూనివర్సిటీ వాళ్ళు ఫాగ్ మ్యూజియంలో కొత్త లెక్చర్ హాలు కట్టుకున్నారు. అందులో పాఠం చెప్తే ఒక్క ముక్క అర్థం కావడం లేదు. ఒక మాట అంటే అయిదున్నర సెకన్లపాటు మోగుతోంది. ఇదేదో చూడవయ్యా అని సబీన్‌కి అప్పగించారు. అప్పటికి ఆయనకి ముప్ఫై ఏళ్ళు కూడా లేవు. పగలంతా ఊళ్ళో చప్పుళ్ళు కాబట్టి అర్ధరాత్రి దాటాక పని మొదలెట్టేవాడు. పక్కనే ఉన్న శాండర్స్ థియేటర్ నుంచి సీట్ల కుషన్లు మోసుకొచ్చి హాల్లో పరిచేవాడు. ఆర్గన్ గొట్టం ఊది ఆపేసి, ఎంతసేపటికి శబ్దం వినపడకుండా పోతుందో టైము చూసుకునేవాడు. మరికొన్ని కుషన్లు, మళ్ళీ కొలత. తెల్లవారేలోగా కుషన్లన్నీ తిరిగి థియేటర్లో పెట్టేసేవారు. తను వేసుకున్న బట్టలు కూడా శబ్దాన్ని పీల్చి లెక్క మారుస్తున్నాయని గమనించి, ఆ తర్వాత ప్రయోగాలన్నిటికీ ఒకే జత వేసుకున్నాడట. డీబగ్గింగ్ చేసేటప్పుడు ఒకసారికి ఒక్కటే మార్చాలి అని మా టీములో కుర్రాళ్ళకి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. ఈయన కోటు కూడా మార్చలేదు చూడండి!

ఇన్ని రాత్రుల జాగారానికి దొరికింది ఒక చిన్న సూత్రం. హాలు ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, హాల్లో ఉన్న మొత్తం శోషణతో భాగిస్తే ప్రతినాద కాలం వస్తుంది. మీటర్లలో లెక్క. శోషణకి ఆయన పెట్టుకున్న ప్రమాణం తెరిచిన కిటికీ. కిటికీలోంచి బయటికి పోయిన శబ్దం తిరిగి రాదు కాబట్టి, ఒక చదరపు మీటరు తెరిచిన కిటికీ అంటే ఒకటి. గ్రానైటు, పుట్టీ గోడా 0.02, 0.03 దగ్గర ఉంటాయి. మనిషి ఒక్కడు సుమారు 0.45. పైసా ఖర్చు లేకుండా దొరికే మంచి సామగ్రి ప్రేక్షకుడే.

మన కల్యాణ మండపానికి ఈ లెక్క వేసి చూద్దామా? పొడవు 30, వెడల్పు 20, ఎత్తు 6 మీటర్లు. ఘనపరిమాణం 3600. నేల 600, సీలింగు 600, గోడలన్నీ కలిపి 600, మొత్తం 1800 చదరపు మీటర్లు. అంతా గట్టి ఉపరితలమే కాబట్టి 0.03 వేసుకుంటే శోషణ 54. ప్రతినాద కాలం పది సెకన్లు దాటింది! ఖాళీ హాలుకి, తలుపులూ కిటికీలూ అన్నీ బిగించేసిన కాగితం లెక్క ఇది. ప్లాస్టిక్ కుర్చీలు ఎన్ని వేసినా పెద్దగా మారదు, అవి పీల్చేది దాదాపు సున్నా. 400 మంది జనం వస్తే మరో 180 కలుస్తుంది, అప్పుడు రెండున్నర సెకన్లు. పైన హల్లులు నలిగిపోయిన హాలు ఇదే. ఇందాక చెప్పిన హద్దు దూరం కూడా ఈ హాలుకి లెక్క కడితే, అన్ని వైపులా సమానంగా శబ్దం విసిరే స్పీకరుకి రెండు మీటర్లు, కాస్త దిశ ఉన్న మామూలు పెట్టె స్పీకరుకి అయిదు మీటర్ల లోపు వస్తుంది. అంటే ముప్ఫై మీటర్ల హాల్లో అయిదు మీటర్ల తర్వాత అందరూ ముద్దలోనే కూర్చున్నారన్నమాట.

దీన్ని ఒక సెకనుకి తేవాలంటే? ఇంకో 340 చిల్లర శోషణ కావాలి. 600 చదరపు మీటర్ల సీలింగుకి 0.6 పీల్చే సరుకు వేస్తే అయిపోయింది. గోడలు ముట్టుకోనక్కర్లేదు. నక్షత్రాల లైట్లు కూడా ఉంచుకోవచ్చు. ఇంత చిన్న లెక్క, కాలిక్యులేటరు ఉన్న ఎవరైనా అయిదు నిమిషాల్లో చేసేది, కోట్లు పోసి కట్టే హాలుకి కట్టకముందు ఎందుకు చెయ్యరన్నది నా బుర్రకి అందని విషయం. (సీలింగంతా పీల్చే సరుకుతో కప్పేయడం నాటకశాలకి సరైన పద్ధతి కాదని అకౌస్టిక్స్ తెలిసినవాళ్ళు వెంటనే పట్టుకుంటారు. నిజమే. స్టేజీ ముందు భాగం సీలింగు శబ్దాన్ని వెనక వరసలకి నెట్టాలి, పీల్చే పని వెనక గోడకీ, మిగతా భాగానికీ ఇవ్వాలి. నేను చెప్పేది లెక్క ఎంత సులువో అన్నంత వరకే.)

ఇదంతా నాకెందుకు పట్టిందంటే, మా నాన్న వల్ల. ఆయన రిటైరైన బడి పంతులు. పద్య నాటకాల పిచ్చి. చిన్నప్పుడు మమ్మల్ని సైకిలు మీద ఎక్కించుకుని పక్క ఊళ్ళకి తీసుకెళ్ళేవారు. పద్యం అవగానే "వన్స్ మోర్" అని అరిచేవాళ్ళలో మొదటి గొంతు ఆయనదే. కొన్నేళ్ళుగా మా ఊళ్ళో కొత్తగా కట్టిన హాలుకి (పేరు వద్దులెండి) నాటకాలకి పిలిచినా రావడం మానేశారు. అడిగితే "నా చెవులు పోయాయిరా, ఇంకెందుకు" అన్నారు. చెవుల డాక్టరుకి చూపిస్తే వయసుకి తగ్గట్టే ఉన్నాయన్నారు. ఇంట్లో వంటింట్లోంచి మా అమ్మ గొణిగేది కూడా ఆయనకి వినపడుతుంది, ఆమె ఒప్పుకోకపోయినా. ఆ తర్వాత ఒకసారి బడి గ్రౌండులో, ఆరుబయట, రెండే రెండు స్పీకర్లతో ఒక నాటకం ఆడారు. మొత్తం కూర్చుని చూశారు. మధ్యలో నటుడు మింగేసిన ఒక పాదం పట్టుకుని ఇంటికొచ్చేదాకా వాణ్ణి తిట్టారు కూడా.

వయసు పెరిగితే పై స్థాయి శబ్దాలు వినే శక్తి తగ్గుతుంది, హల్లుల పట్టు అక్కడే ఉంది. కాబట్టి గింగురు హాలు కుర్రాళ్ళని విసిగిస్తే పెద్దవాళ్ళని పూర్తిగా బయటికి నెట్టేస్తుంది. మన పద్య నాటకాలకీ, హరికథలకీ, అష్టావధానాలకీ వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఎవరు? అరవై దాటినవాళ్ళే కదా. వాళ్ళలో ఒక్కరూ లేచి "మీ హాలు బాగాలేదు" అనరు. మా నాన్నలాగే తప్పు తమ చెవులదనుకుని ఇంట్లో కూర్చుంటారు. నిర్వాహకులేమో "ఈ రోజుల్లో నాటకం ఎవడు చూస్తున్నాడండీ" అని నిట్టూరుస్తారు. అవధానంలో అయితే మరీ ఘోరం. పృచ్ఛకుడు ఇచ్చిన సమస్య ఏంటో వెనక సగం హాలుకి తెలీదు. ఇంకేం ఆనందిస్తారు, ఇంకేం చప్పట్లు కొడతారు?

ఆరుబయట ఎందుకు అర్థమైందంటే అక్కడ గోడలు లేవు. సబీన్ లెక్కలో చూస్తే పైనంతా తెరిచిన కిటికీయే. మన కళలన్నీ అక్కడ పుట్టినవే. వీధి భాగవతం, బుర్రకథ, పందిట్లో హరికథ. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి వాళ్ళు ఊరూరా తాత్కాలికంగా పాకలూ డేరాలూ వేసుకుని తరతరాలు ఆడారు. తాటాకు, గుడ్డ, మట్టి నేల, కిక్కిరిసిన జనం. వీటిలో ఒక్కటి కూడా గింగురుమనేది కాదు. గొంతు చిన్నదైపోతుందేమో గానీ మాట చెడదు. అందుకే ఆనాటి నటులు గొంతు పెంచడం నేర్చుకున్నారు. ఆ కళని ఆ పాకలోంచి తీసుకొచ్చి గ్రానైటు పెట్టెలో పెట్టి, పైగా దానికేదో గౌరవం చేసినట్టు ఫోటోలు దిగుతున్నాం. పద్యానికి రాగం ఉంది కాబట్టి కొంత నెగ్గుకొస్తుంది, గింగురు దానికి కాస్త నిండుదనం ఇస్తుంది కూడా. మధ్యలో వచ్చే వచనం, సంవాదం, హాస్యం మాత్రం చచ్చిపోతాయి. జోకు చివరి మాట నలిగిపోతే ఇంక నవ్వేముంది?

డబ్బుంటే, పెద్ద నిపుణుణ్ణి పెట్టుకుంటే అన్నీ సరిపోతాయని కూడా అనుకోకండి. న్యూయార్క్‌లో లింకన్ సెంటర్ ఫిల్హార్మోనిక్ హాలు కథ మా మేనేజర్లందరికీ చదివి వినిపించాలని నాకెప్పుడూ అనిపిస్తుంది. దాని అకౌస్టిక్స్ చూసినవాడు లియో బెరనెక్, ఆ రంగంలో మహానుభావుడు. ప్రపంచంలో 54 హాళ్ళు పరిశీలించి పుస్తకం రాసినవాడు. ఆయన చెప్పింది సుమారు 2400 సీట్లతో, అగ్గిపెట్టె ఆకారంలో ఇరుకైన హాలు. వియన్నా, బోస్టన్ హాళ్ళ పోలిక అది. డిజైను అయ్యాక పత్రికలు గోల పెట్టాయి, సీట్లు తక్కువయ్యాయని. సరే, 2600 దాటించారు. సీట్లు పెరగాలంటే గోడలు ఉబ్బాలి, ఆకారం మారింది. అంతా ఓకే అయ్యాక రిక్వైర్‌మెంట్ మార్చడం అన్నమాట. 1962 సెప్టెంబరులో తెరిచారు. మంద్ర స్వరాలు సరిగా వినపడలేదు, ప్రతిధ్వనులు, స్టేజీ మీద వాయించేవాళ్ళకి ఒకరిది ఒకరికి వినపడదు. ఏళ్ళ తరబడి ప్యాచ్‌లు వేశారు. 1976లో లోపలంతా ఊడబీకి సిరిల్ హారిస్ చేత మళ్ళీ కట్టించారు. అప్పటికీ పూర్తిగా కుదరలేదు. చివరికి 55 కోట్ల డాలర్లు పెట్టి మరోసారి లోపలంతా మార్చి, సీట్లు 2200కి తగ్గించి, స్టేజీని జనంలోకి ముందుకి జరిపి 2022 అక్టోబరులో తెరిచారు. ఇప్పుడు దాని పేరు డేవిడ్ గెఫెన్ హాల్. ఆకారంలో చేసిన ఒక్క మార్పుని సర్దడానికి అరవై ఏళ్ళు!

బోస్టన్ సింఫనీ హాలు ఇంకో వైపు. కట్టకముందే సబీన్‌ని పిలిచారు, కాగితం మీదే లెక్క కట్టించుకున్నారు. 1900లో తెరిచిన ఆ హాలు ఈనాటికీ ప్రపంచంలో అత్యుత్తమమైన మూడు నాలుగింటిలో ఒకటి అంటారు.

"అవన్నీ దొరల సంగీతానికి, మనకెందుకు" అనేవాళ్ళకి బొంబాయి చూపిస్తాను. అక్కడి ఎన్‌సీపీఏ వాళ్ళ టాటా థియేటరు 1980లో తెరిచారు. వెయ్యి సీట్ల హాలు. ఆర్కిటెక్టు ఫిలిప్ జాన్సన్. అకౌస్టిక్స్ చూసింది ఇందాకటి సిరిల్ హారిసే. మన సంగీతానికి ఏం కావాలో ఆలోచించి కట్టినది. సితారూ వీణా చిన్న గొంతు వాయిద్యాలు, వాటి గమకం వినాలంటే శ్రోత దగ్గరగా ఉండాలి, చుట్టూ నిశ్శబ్దంగా ఉండాలి. స్వరాలు చకచకా నడుస్తుంటే సింఫనీకి కావలసినంత గింగురు పనికిరాదు. అందుకని జనాన్ని పొడుగ్గా వెనక్కి తోసెయ్యకుండా స్టేజీ చుట్టూ విసనకర్రలా కూర్చోబెట్టారు. మన సంగీతాన్ని దృష్టిలో పెట్టుకుని హాలు కట్టడం సాధ్యమేనని నలభై ఏళ్ళ క్రితమే రుజువైపోయింది. అయినా మన కచేరీల్లో వీణకి కాంటాక్టు మైకు, మృదంగానికి రెండు మైకులు, తంబూరాకి బదులు ఎలక్ట్రానిక్ పెట్టె, దానికో మైకు. హాలు చెయ్యాల్సిన పని అది చెయ్యకపోతే ఇంకేం చేస్తారు పాపం.

నిశ్శబ్దం అన్నాను కదా, అదీ డిజైనులో భాగమే. మంచి నాటకశాలలో ఏసీ నడుస్తోందని చెవికి తెలియకూడదు. అంటే డక్టులు వెడల్పుగా ఉండాలి, గాలి నెమ్మదిగా పోవాలి, మెషీను హాలు గోడకి ఆనుకుని ఉండకూడదు. మనవాళ్ళు స్థలం కలిసొస్తుందని స్టేజీ వెనక గోడకే జనరేటరు పెడతారు. హాల్లో గోడ ఫ్యాన్లు పాతికదాకా టకటకమంటుంటాయి. తలుపు తీస్తే రోడ్డు మీద ఆటోలు. ఆ మోతని మించాలని మళ్ళీ మైకు.

కట్టేశాక చేసే వైద్యాలు ఇంకా కామెడీ. గోడలకి గుడ్ల ట్రేలు అంటించడం. వాటి అట్ట పల్చన, పీల్చేది చాలా తక్కువ, మాటకి అడ్డమొచ్చే గింగురుని అది తాకదు. నిప్పు అంటుకుంటే మాత్రం బ్రహ్మాండంగా అంటుకుంటుంది. థర్మోకోల్ ఇంకో అపోహ. తెల్లగా బుడగలు బుడగలుగా ఉంటుంది కాబట్టి శబ్దాన్ని పీల్చేస్తుందనుకుంటారు. దాని బుడగలన్నీ మూసుకునే ఉంటాయి, గాలి లోపలికి పోదు, వేడిని ఆపుతుంది గానీ శబ్దాన్ని పీల్చదు. పీల్చాలంటే గాలి దూరే సరుకు కావాలి. రాక్‌వూల్, గ్లాస్‌వూల్, వాటి మీద చిల్లుల పలకో గుడ్డో. కాస్త మందం కావాలి, గోడకీ దానికీ మధ్య కొంత ఖాళీ వదిలితే ఇంకా మంచిది. మడతలు పెట్టి కట్టిన బరువైన తెర కూడా బాగానే పనిచేస్తుంది. ఎంతో ఖర్చు పెట్టి సరైన పలకలే వేయించిన హాళ్ళు కూడా ఉన్నాయి, అయిదేళ్ళకి వాటి మీద కూడా గోడలతోపాటు ఎమల్షన్ కొట్టిస్తారు. రంధ్రాలు మూసుకుపోతాయి. పలక గోడ అయిపోతుంది. చూడ్డానికి మాత్రం కొత్తగా ఉంటుంది.

నియమాలు లేక కాదు. భారతీయ ప్రమాణాల సంస్థ ఆడిటోరియంల అకౌస్టిక్స్ మీద ఐఎస్ 2526 అని ఒక కోడ్ 1963లోనే ఇచ్చింది. స్థలం ఎంపిక, ఆకారం, మనిషికి ఎంత ఘనపరిమాణం, ప్రతినాద కాలం, బయటి మోత అన్నీ అందులో ఉన్నాయి. నేను చదివిన రెండు మూడు టెండర్ కాగితాల్లో "తగిన అకౌస్టిక్ ట్రీట్‌మెంట్ చేయవలెను" అని ఒక్క ముక్క ఉంది. తగిన అంటే ఎంత? మా ప్రాజెక్టుల్లో "సిస్టమ్ వేగంగా ఉండాలి" అని రాసి పంపే క్లయింటు గుర్తొచ్చాడు. ఎంత వేగం, ఎంతమంది వాడుతుంటే, ఎవరు కొలుస్తారు అని రాయకపోతే ఆ వాక్యం రాయనట్టే. గ్రానైటుకి మాత్రం రంగు, మందం, పాలిష్ అన్నీ రాసి ఉంటాయి.

కాబట్టి నేను అడిగేది పెద్దదేం కాదు. ప్రజల డబ్బుతో కట్టే ప్రతి హాలు టెండరులోనూ మూడు అంకెలు ఉండాలి. సగం జనం ఉన్నప్పుడు ప్రతినాద కాలం ఎంత, ఏసీ నడుస్తున్నప్పుడు ఖాళీ హాల్లో మోత ఎన్ని డెసిబెల్లు, వెనక వరసలో మాట నూటికి ఎన్ని అర్థం కావాలి. అవి కొలిచి చూపించాకే ఆఖరి బిల్లు. మంచి కుషన్ సీట్లు వేస్తే సీటు ఖాళీగా ఉన్నా దాదాపు మనిషి ఉన్నట్టే పీలుస్తుంది కాబట్టి, జనం వచ్చాక చూద్దాంలే అనే సాకు కూడా ఉండదు.

మూడో అంకె కొలవడానికి పరికరం కూడా అక్కర్లేదు. నిఘంటువులోంచి ఎక్కడెక్కడివో వంద చిన్న మాటలు ఎంచి, స్టేజీ మీద ఒకరు మామూలు గొంతుతో చదవాలి. వాక్యాలు వద్దు, వాక్యమైతే ఊహించేస్తాం. వెనక వరసలో, మధ్యలో, బాల్కనీ కింద పదిమందిని కూర్చోబెట్టి విన్నది విన్నట్టు రాయించాలి. ఆ పదిమందిలో సగం మంది అరవై దాటినవాళ్ళయి ఉండాలి. ముందు మైకు లేకుండా ఒకసారి, తర్వాత మైకుతో ఒకసారి. కాగితాలు దిద్ది మార్కులు గోడ మీద అంటించాలి. దిద్దడానికి మా నాన్న సిద్ధంగా ఉన్నారు. ముప్ఫై ఏళ్ళు డిక్టేషన్ చెప్పి దిద్దిన చెయ్యి అది, అర మార్కు కూడా వదలరు.